ఆఖరి బండి

ఆ ఎండాకాలం మా షెడ్డు ముందు తొమ్మిది మోటార్ సైకిళ్ళు వరసగా నిలబడ్డ రోజు నుంచీ మా ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు. అప్పటిదాకా ఊళ్ళోవాళ్ళ బండ్లకు క్లచ్ వైర్లు మార్చి, చెయిన్లకు గ్రీజు పూసి బతికిన మనిషి. ఇప్పుడు ఎనిమిది బండ్లను వెంటేసుకుని మంచుకొండల మీదికి తీసుకెళ్ళే నాయకుడయ్యాడు. అద్దం ముందు నిలబడి హెల్మెట్ పెట్టుకోవడం, తీయడం, మళ్ళీ పెట్టుకోవడం. మా అత్తగారు అది చూసి, "పెళ్ళినాడు కూడా ఇంతసేపు నిలబడలేదురా నువ్వు అద్దం ముందు" అంది.

వచ్చేవాళ్ళంతా షెడ్డులో ఏళ్ళ తరబడి బండ్లు బాగుచేయించుకున్నవాళ్ళే. పళ్ళ డాక్టరు ఒకాయన, మొన్ననే పదవి విరమించిన లెక్కల మాస్టారు ఒకాయన, ఇంకో అయిదుగురు ఎవరి ఉద్యోగాలతో వాళ్ళు విసిగిపోయిన మగవాళ్ళు. మా ఆయనది ముందు బండి. మా తమ్ముడిది ఆఖరి బండి. నేను మా ఆయన వెనక సీటు.

నన్నెందుకు తీసుకెళ్ళాడంటే ప్రేమ అనుకునేరు. ముందు బండి నడిపేవాడు రోడ్డు చూసుకోవాలి, మాటిమాటికీ మెడ తిప్పలేడు. వెనకున్నవాళ్ళకు ఆ తీరిక ఉంటుంది. "వెనక దీపాలు చూసే పని నీది. నా కళ్ళు నీకు అప్పగిస్తున్నా" అన్నాడు. నేను పొంగిపోయాను కూడా.

బయల్దేరే ముందు షెడ్డులో అందర్నీ పాత టైర్ల మీద కూర్చోబెట్టి సూత్రాలు చెప్పాడు. చేతిలో స్పానరు పట్టుకుని పంతులుగారిలా అటూ ఇటూ తిరిగాడు.

"ముందు బండిని ఎవరూ దాటకూడదు. ఆఖరి బండికంటే ఎవరూ వెనకపడకూడదు. ఎవరి బండి మొరాయించినా ఆఖరి బండివాడు వాళ్ళ దగ్గర ఆగుతాడు. రిపేరు సామాన్లన్నీ వాడి దగ్గరే ఉంటాయి. మిగతావాళ్ళు ఆగక్కర్లేదు, సాగిపోవాలి. ప్రతి ఎత్తు మలుపు దగ్గరా నేనాగి కింద దీపాలు లెక్కపెడతా. పగలైనా సరే దీపాలు వెలుగుతూనే ఉండాలి. ఎనిమిదీ కనిపిస్తే కదులుతా. లేదంటే తెల్లవార్లూ అక్కడే ఉంటా."

"మరి ఆఖరి బండే ఆగిపోతేనో?" అన్నాడు లెక్కల మాస్టారు.

"ఏడే కనిపిస్తాయిగా మాస్టారూ! మీకు కూడా లెక్కలు నేనే చెప్పాలా?"

అందరూ నవ్వారు. మా తమ్ముడు గోడకానుకుని నిలబడి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "బావా, అందరి దగ్గరా నేనాగుతా సరే, నా దగ్గర ఎవరాగుతారో కూడా చెప్పు" అన్నాడు.

"నేను లేనురా? బావమరిది బతక్కోరతాడంటారు. బావ కోరడా ఏంటి?" అని వాడి మెడ మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. "వినండయ్యా, ఈ ఏడు వీడు ఆఖరి బండి. ఇది సరిగ్గా చేస్తే వచ్చే ఏడు ముందు బండి వీడిదే. అందరి ముందూ చెబుతున్నా."

మా తమ్ముడి మొహం చూడాలి అప్పుడు. వాడికి పెళ్ళి సంబంధం కుదిరిందన్నా అంత వెలిగేది కాదు. మా అమ్మ పోయాక ఒక సంచీతో నా దగ్గరికి వచ్చి, ఈ షెడ్డులోనే స్పానర్లు పట్టుకోవడం నేర్చుకుని మనిషైనవాడు. ఇంట్లో ఎవరేం అడిగినా కాదనడు, తనకేం కావాలో చెప్పడు. వాడు కావాలని నోరు తెరిచి అడిగింది ఆ ముందు బండి ఒక్కటే.

ఆ సాయంత్రం వాడు తన బండికి పసుపుపచ్చ బల్బు వేస్తూ నన్ను పిలిచి చూపించాడు. "మంచులో తెల్ల దీపం కనపడదక్కా. ఇదైతే దూరంనించే తెలుస్తుంది. అన్నీ తెల్లవి ఉంటాయి, చివర ఒక్కటి పసుపుపచ్చ. దాన్ని చూస్తే చాలు, మిగతావి లెక్కే పెట్టక్కర్లేదు నువ్వు."

"అయితే నా పని తేలికే."

"నీ పనెప్పుడూ తేలికేలే, వెనక కూర్చోవడమేగా" అని నవ్వాడు. నేను గుడ్డముక్క విసిరితే తల వంచి తప్పించుకున్నాడు.

కొండల మీద మొదటి వారం ఎలా గడిచిందో చెప్పమంటే మాటలు చాలవు. గాలి పల్చబడేకొద్దీ మనుషుల డాబులు కూడా పల్చబడ్డాయి. మొదటిరోజు పాటలు పాడినవాళ్ళు నాలుగోరోజుకు తలలు పట్టుకున్నారు. పళ్ళ డాక్టరు తన ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో గంటకోసారి వేలికి క్లిప్పు పెట్టుకుని చూసుకుని మిగతావాళ్ళను భయపెట్టేవాడు. మాస్టారికి ఏం తిన్నా ఇమిడేది కాదు.

మా ఆయన మాత్రం పెరిగాడు. అది కాదనను. ప్రతి మలుపు దగ్గరా బండి ఆపి, ఒక కాలు నేలకానించి, చెయ్యి పైకెత్తేవాడు. నేను వెనక్కి తిరిగి, కింద మెలికలు మెలికలుగా ఉన్న రోడ్డు మీద దీపాలను ఒక్కొక్కటే చూసేదాన్ని. చివరి పసుపుపచ్చది కనపడగానే ఆయన భుజం తట్టేదాన్ని. బండి కదిలేది. సాయంత్రం బసకు చేరాక మిగతావాళ్ళు గదుల్లోకి పరిగెత్తినా ఆయన హెల్మెట్ తీసేవాడు కాదు. ఆఖరి బండి వచ్చేదాకా ముందు బండివాడు హెల్మెట్ తీయకూడదట. అది ఆయన పెట్టుకున్న నియమమే. దుమ్ము కొట్టుకుని, కళ్ళు మాత్రం మెరుస్తూ మా తమ్ముడు వచ్చి, "ఆఖరి బండి వచ్చింది బావా" అనేవాడు. అప్పుడు తీసేవాడు. ఆ తర్వాత మా తమ్ముడు టీ కూడా తాగకుండా అందరి బండ్ల చెయిన్లూ బిగించేవాడు.

నేను ఆ సాయంత్రాల్లో మా ఆయన్ని చూసి నిజంగానే మురిసిపోయాను. ఆ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది చెప్పేటప్పుడు ఈవిడకు మొదట్నించీ మొగుడంటే పడదేమో అనుకుంటారని.

అన్నిటికన్నా ఎత్తైన కనుమ దాటాల్సిన రోజది. కనుమ అవతల రోడ్డు సన్నం. మధ్యాహ్నం రెండు దాటితే అటు దిగే బండ్లను గేటు వేసి ఆపేస్తారు. అటునుంచి లారీలను పైకి వదులుతారు. రెండులోపల కనుమ ఎక్కి దిగిపోవాలి. లేదా ఆ చలిలో పైన రాత్రంతా కూర్చోవాలి. అందుకని పొద్దున్నే బయల్దేరాం. దారిలో రోడ్డుకడ్డంగా ఒక వాగు. మంచు కరిగి వచ్చే నీళ్ళు, మోకాళ్ళలోతు, అడుగున గుండ్రాళ్ళు. ఒక్కో బండీ తూలుకుంటూ దాటింది. మేం దాటి, పైకి ఎక్కడం మొదలుపెట్టాం.

నాలుగైదు మలుపులయ్యాక మా ఆయన ఆగి చెయ్యెత్తాడు. నేను వెనక్కి తిరిగాను. దీపాలు ఒక్కొక్కటే మలుపు తిరుగుతున్నాయి. ఎనిమిదోది అందరికీ చాలా వెనక వస్తోంది. తెల్లగా ఉంది.

నేను భుజం తట్టలేదు. హెల్మెట్ అద్దం మీది దుమ్ము తుడుచుకుని మళ్ళీ చూశాను. తెల్లగానే ఉంది.

"ఏమండీ, ఆఖరిది మావాడిది కాదు" అన్నాను హెల్మెట్‌కు దగ్గరగా వంగి.

"ఎన్నున్నాయి?"

"ఎనిమిదే. కానీ ఆఖరిది తెల్లగా ఉంది. వాడిది పసుపుపచ్చ కదా."

ఆయన తనే తిరిగి చూశాడు. వేలితో గాల్లో లెక్కపెట్టాడు. "ఎండలో పసుపేంటి, తెలుపేంటి. లెక్క సరిపోయింది."

"సరిపోతే? అది వాడు కాదంటున్నా."

వెనకాలే ఆగిన పళ్ళ డాక్టరు హారన్ కొట్టాడు. "గేటు మూసేస్తారయ్యా!" అని అరిచాడు. పక్కనున్నవాళ్ళు కూడా ఒకటి రెండుసార్లు కొట్టారు.

"ఎత్తు మీద నీకు కళ్ళు తిరుగుతున్నాయి. గట్టిగా పట్టుకో" అన్నాడు మా ఆయన. బండి కదిలింది. నేను ఆయన వీపు మీద గుద్దాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ ఆయన ఆగకుండానే వెనక్కి ఓ చూపు చూసి, లెక్క చూసుకుని సాగిపోయాడు. తన కళ్ళు నాకప్పగించాడు కదా, ఆరోజు వాటిని తిరిగి తీసేసుకున్నాడు.

కనుమ మీద ఒక రాయి, దాని మీద ఎత్తు రాసి ఉంది. పక్కన టార్పాలిన్ గుడారంలో ఒక ముసలమ్మ టీ కాస్తోంది. ఒక్కొక్కరూ వచ్చి ఆగారు. చేతులు తట్టుకున్నారు. మాస్టారు దిగుతూనే రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. ఆయన బూట్లు, ప్యాంటు తడిసి ఉన్నాయి. ఆయన వెనక ఆ ఎనిమిదో బండి వచ్చి ఆగింది. నడిపినతను హెల్మెట్ తీశాడు. ఎవరో ముక్కూ మొహం తెలీని మనిషి.

బండి నంబరు మాత్రం మనవైపుదే. అతనే నవ్వి, "ఒక్కణ్ణే వస్తున్నానండీ. దారి తెలీదు. మీ గుంపు కనపడితే వెనకే పట్టుకొచ్చేశాను" అన్నాడు.

"మావాడు... పసుపుపచ్చ దీపం బండి... కనపడ్డాడా మీకు?" అనడిగాను.

"వాగు దగ్గరండీ? చూశా. ఈ పెద్దాయన బండి నీళ్ళలో ఇరుక్కుంటే తోసి గట్టెక్కించాడట. అంతసేపూ నీళ్ళలోనే ఉన్నాడేమో, తడిసి ముద్దయ్యాడు. తర్వాత అతని బండే నీళ్ళు తాగి ఆగిపోయింది. సాయం చెయ్యనా అంటే వద్దన్నాడండీ. 'మావాళ్ళు పైనించి దీపాలు చూసుకుంటారు, నాది కనపడకపోతే మా బావే వస్తాడు, మీరెళ్ళండి' అన్నాడు."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన చెయ్యి అప్పటికే గడ్డం కింద పట్టీ దగ్గరుంది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. అన్ని రోజుల్లో ఆఖరి బండి రాకముందే ఆయన హెల్మెట్ తీయడం అదే మొదటిసారి.

"బండి నీళ్ళు తాగిందంతేగా" అన్నాడు. "ప్లగ్గు తీసి ఆరబెట్టుకుంటే అయిపోతుంది. వాడికంటే మంచి మెకానిక్ ఎవరున్నారు? వెనకే వచ్చేస్తాడు."

"మాస్టారు ఈ ఎత్తులో ఇంకో గంటుంటే నేను పూచీ పడను" అన్నాడు పళ్ళ డాక్టరు. అది అబద్ధం కాదు. మాస్టారి పెదాలు నల్లబడ్డాయి.

"అయితే డాక్టరుగారూ, మీరు వీళ్ళను దింపండి. ఉన్నది ఒకటే రోడ్డు, తప్పిపోయేదేం లేదు" అన్నాను. మా ఆయన వైపు తిరిగి, "మనం వెనక్కి పోదాం పదండి" అన్నాను.

ఆయన నన్ను పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "ముందు బండి వెనక్కి తిరిగితే ఈ గుంపు నన్నింక నమ్ముతుందా? అవతల బసలో మన కోసం జనం చూస్తున్నారు. వచ్చే ఏడు రెండు గుంపులు వస్తామన్నారు. ఊళ్ళో మొహమెలా చూపించను?"

"మావాడికి చూపించే మొహం అక్కర్లేదా?"

"వాడు చిన్నపిల్లాడా? వస్తాడంటున్నాగా. ఎక్కు."

"ఎక్కను."

ఆయన హెల్మెట్ పెట్టుకున్నాడు. కిక్కు కొట్టాడు. ఇంకోసారి "ఎక్కు" అన్నాడు. నేను గుడారం గుంజ పట్టుకుని నిలబడ్డాను. వెనకనించి ఎవరో హారన్ కొట్టారు. ముందు బండి కదిలింది, దాని వెనక ఒక్కొక్కటే అన్నీ కదిలాయి. ఆ దారి తెలీని మనిషి కూడా వాళ్ళ వెనకే పోయాడు. ఎనిమిది దీపాల లెక్క ఎక్కడా తప్పలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన మీద నాకు కోపాలొచ్చాయి, అలకలొచ్చాయి. అసహ్యం వేయడం మాత్రం అదే మొదలు.

లారీలు అటునుంచి ఎక్కి రావడానికి చాలాసేపు పట్టింది. ముసలమ్మ తన దుప్పటి తీసి నా మీద కప్పింది. మొదట వచ్చిన లారీకి అడ్డంగా నిలబడితే డ్రైవరు తిట్టడానికి తల బయట పెట్టి, నా మొహం చూసి తలుపు తీశాడు. వాగు దాకా బండి వీలైనంత తొందరగా దింపాడు.

కొండ నీడ అప్పటికే వాగు మీద పడిపోయింది. ఒడ్డున రాళ్ళ మీద నీళ్ళు గడ్డకట్టడం మొదలైంది. మా తమ్ముడు బండిని మలుపుల వైపు తిప్పి నిలబెట్టి, దానికానుకుని కూర్చున్నాడు. పసుపుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. బ్యాటరీ అయిపోవచ్చి బాగా మందగించింది. వెతుక్కుంటూ దిగివచ్చేవాళ్ళకు కనపడాలని వెలిగించి ఉంచాడు. చుట్టూ ప్లగ్గు, స్పానర్లు చెల్లాచెదురుగా పడున్నాయి. వేళ్ళు కొంకర్లు పోయి పట్టుకోలేకపోయాడు.

నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. "నువ్వొచ్చావేంటక్కా? బావేడి?"

"బావ రాలేదు."

వాడు లారీ వంక చూశాడు, నా వంక చూశాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. "దీపాల లెక్క తప్పాడా?"

"లేదురా. సరిపోయింది."

వాడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత నవ్వాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నవ్వాడు. "ఆ ఒంటరోడా? ఛ, వాణ్ణి దీపం ఆర్పుకుని పొమ్మనాల్సిందక్కా. నాకు తట్టలేదు."

నేను ఏడుస్తూ వాడి బూట్లు లాగాను. కుడిది వచ్చింది. ఎడమది డ్రైవరు కత్తి తెచ్చి కోస్తేగాని రాలేదు. లోపల వేళ్ళు కొవ్వొత్తి ముక్కల్లా పాలిపోయి ఉన్నాయి. గిల్లి చూశాను. "గిల్లావా?" అన్నాడు. వాడికి తెలీలేదు.

కింద ఊరి ఆసుపత్రిలో ఎడమ పాదానికి బొటనవేలితో కలిపి వేళ్ళన్నీ తీసేశారు. మా ఆయన గుంపుని చివరిదాకా చేర్చి, యాపిల్ పళ్ళు పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన నిలబడి కట్టు వంక చూడలేక కిటికీ వంక చూశాడు.

"మాస్టారెలా ఉన్నారు బావా?" అనడిగాడు మా తమ్ముడు.

"బాగానే ఉన్నారు."

"హమ్మయ్య" అన్నాడు వాడు. ఆఖరి బండివాడి బాధ్యత వాడింకా దించుకోలేదు.

మా ఆయన ఏదో అనాలి కదా, అన్నాడు. "హారన్ కొట్టాల్సిందిరా."

"కొట్టా బావా. దూరం కదా."

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు గుంపంతా షెడ్డులో చేరారు, ఫొటోలు చూసుకోవడానికి. అవే పాత టైర్లు. మా తమ్ముడు స్టూలు మీద కూర్చుని కట్టు కట్టిన కాలు ఇంకో స్టూలు మీద పెట్టుకున్నాడు. మా ఆయన కథ మొదలుపెట్టాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. అక్కడ విన్నవాళ్ళంతా జరిగినప్పుడు కూడా ఉన్నవాళ్ళే. అయినా చెప్పగలిగాడు.

"నేను ముందే చెప్పా, ఏ ఇబ్బందున్నా వెంటనే ఆగి చెప్పమని. కుర్రతనం. బూట్లు తడిసినా మార్చుకోకుండా, ఎవరికీ చెప్పకుండా తనే చూసుకుంటాననుకున్నాడు. ఏరా, అంతేగా?"

మా తమ్ముడు తలెత్తి అందర్నీ చూశాడు. చివరికి నన్ను చూశాడు. "అంతే బావా" అన్నాడు.

అందరూ నాలుక చప్పరించారు. నా చేతిలో టీ కప్పుల పళ్ళెం ఉంది. దాన్ని బెంచీ మీద పెట్టేశాను. "ఆఖరి దీపం తెల్లగా ఉంది, అది వాడు కాదని నేను చెప్పానా లేదా?" అన్నాను. "పైన ఆ మనిషి చెప్పింది మీరంతా విన్నారా లేదా?"

మా ఆయన నవ్వాడు. "మా ఆవిడకు ఆ ఎత్తులో కళ్ళు తిరిగాయి పాపం."

"నిజమే" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఆక్సిజన్ తగ్గితే రంగులు సరిగ్గా తెలీవు. అది సైన్సు."

పళ్ళ డాక్టరు కళ్ళ గురించి చెప్పాడు, అందరూ తలాడించారు. లెక్కల మాస్టారు మాత్రం తలెత్తలేదు. ఎవరి చేతుల మీద గట్టెక్కాడో వాడి కాలు ఎదురుగానే ఉంది, ఆయన ఫొటోలే చూస్తూ కూర్చున్నాడు.

లోపలికొచ్చాక తమ్ముణ్ణి నిలదీశాను. "ఎందుకురా అంతే అన్నావ్? నోట్లో నాలుక లేదా నీకు?"

"ఏమనమంటావక్కా? కాదంటే వేళ్ళొస్తాయా? నువ్వుండాల్సిన ఇల్లిది."

మా అత్తగారు గుమ్మంలో నిలబడి విన్నది. అప్పటిదాకా "వాడొక్కడూ అంతమందిని ఎలా చూసుకుంటాడు" అని కొడుకును వెనకేసుకొచ్చిన మనిషి. ఆ పూట కొడుకుతో మాట్లాడలేదు.

కట్టు విప్పిన తర్వాత ఒక పొద్దున వాకిట్లో బండి చప్పుడు విని బయటికొచ్చాను. మా తమ్ముడు తన బండెక్కి కూర్చున్నాడు. బూటు ముందు భాగంలో గుడ్డలు కుక్కాడు. గేరు వేయడం ఎడమ కాలి పనే. కిందికి తొక్కగలిగాడు. పైకి ఎత్తడానికి వేళ్ళు లేవు. మడమతో ప్రయత్నించాడు. బండి ఎగిరి, పక్కకు ఒరిగి, వాడి మీదే పడింది.

చప్పుడుకు మా ఆయన షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి మొదట బండిని లేపాడు. నిలబెట్టి, ట్యాంకు నొక్కుపోయిందేమోనని చేత్తో తడిమి చూశాడు. ఆ తర్వాత మా తమ్ముడికి చెయ్యందించాడు. వాడప్పటికే గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు బావా. బండికేం కాలేదుగా?"

"ఏం కాలేదు."

వాడు వెళ్ళిపోతానని ఆ పూటే నాకు చెప్పాడు. పక్క ఊళ్ళో బండ్ల సీట్లు కుట్టే కొట్టులో పని ఉందట, కూర్చుని చేసుకునేది. నేను వద్దనలేదు. వద్దని ఎలా అంటాను, ఏ మొహం పెట్టుకుని? ముందు బండి సంగతి వాడు ఎత్తలేదు. మా ఆయనా ఎత్తలేదు. వెళ్ళే ముందు మా అత్తగారు పక్కన కూర్చుని, "ఇంకాస్త పెట్టించుకో" అంటూ మళ్ళీ మళ్ళీ వడ్డించింది. అదే సంచీ భుజానేసుకుని, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ వీధి మలుపు తిరిగాడు. తిరిగేముందు ఒకసారి ఆగి, నేనున్నానా లేనా అని వెనక్కి చూశాడు.

వానలు మొదలయ్యేసరికి షెడ్డులోకి కొత్త మనిషి వచ్చాడు. మంచివాడే, పని తెలిసినవాడు. వాడి మీద నాకేం కోపం లేదు. మధ్యాహ్నం భోజనానికి లోపలికొచ్చి, తెలీక మా తమ్ముడు కూర్చునే చోటే, గోడవారగా కూర్చున్నాడు. మా అత్తగారు ఒక చూపు చూసి ఊరుకుంది. మా ఆయన చేతులకు గ్రీజు కడుక్కుని వచ్చాడు. పొద్దున్నే రెండు గుంపులవాళ్ళు వచ్చి వచ్చే ఎండాకాలానికి మాట్లాడుకుని వెళ్ళారు. ఆ హుషారులో ఉన్నాడు. కూర్చుని కంచం ముందుకు లాక్కుని, చుట్టూ ఓసారి చూశాడు. ఆయన, మా అత్తగారు, నేను, గోడవారన ఒకడు.

"అందరూ వచ్చినట్టేగా, పెట్టు" అన్నాడు.

నేను గరిటె గిన్నెలోనే వదిలేసి నా చోట కూర్చున్నాను.

"ఆఖరి బండి రాలేదు" అన్నాను.

కొత్త మనిషికి ఏం అర్థం కాక కంచం మీంచి చెయ్యి తీసేశాడు. మా అత్తగారు తన కంచం పక్కకు జరిపింది. మా ఆయన గుమ్మం వంక చూశాడు, గోడవార వంక చూశాడు, తలొంచుకున్నాడు. పెట్టమని మళ్ళీ అనలేదు, లేచి వెళ్ళనూ లేదు. ఆ కనుమ మీద ఆగాల్సినంత సేపు ఆరోజు ఆ ఖాళీ కంచం ముందు ఆగాడు.